పెర్ల్: ఉంచాలా, తీసెయ్యాలా?

అందరికీ నమస్కారం. వెనక వరసవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇంకా వాడొచ్చా అని అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: దేనికండీ? పదిమంది కలిసి మూడేళ్ళు రాయబోయే కొత్త సాఫ్ట్‌వేర్‌కా? నాలుగొందల కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్ళలో ఒక సర్వర్ అడ్రసు మార్చడానికా? లేకపోతే పదిహేనేళ్ళుగా రోజూ అర్ధరాత్రి నడుస్తున్న పాత స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, సంగతా? మూడూ వేరు వేరు ప్రశ్నలు. మొదటిదానికి వద్దంటాను. రెండోదానికి నిక్షేపంలా వాడుకోండి. మూడోదానికి తొందరపడకండి అంటాను. ఇవాళ మాట్లాడేదంతా ఆ రెండో దాని గురించీ, మూడో దాని గురించీనే.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పెర్ల్‌ని తయారుచేసిన ల్యారీ వాల్ 1987 డిసెంబర్‌లో మొదటి వెర్షన్ వదిలారు. ఆయన భాషాశాస్త్రం చదివిన మనిషి, ఆ వాసన పెర్ల్‌కి అంటుకునే ఉంది. 1994లో పెర్ల్ 5 వచ్చింది. ఇవాళ మీ మెషిన్లో ఉన్నదీ ఆ ఐదే. 2000లో పెర్ల్ 6 అని మొదలుపెట్టారు. అది పోగా పోగా వేరే భాషే అయిపోయింది, 2019లో దానికి రాకు అని పేరు మార్చారు. 2020లో పెర్ల్ 7 వస్తుందని ప్రకటించారు, రాలేదు. బయటినుంచి చూసేవాళ్ళకి ఏమనిపిస్తుంది? ముప్పై ఏళ్ళుగా ఐదు దగ్గరే ఆగిపోయింది, పాత చింతకాయ పచ్చడి అనిపిస్తుంది. (చింతకాయ పచ్చడి పాతబడితేనే రుచి, అది వేరే సంగతి.) కానీ చుక్క తర్వాత అంకె చూడండి. 2022లో 5.36, 2023లో 5.38, 2024లో 5.40, 2025లో 5.42. ఏడాదికొకటి వస్తూనే ఉంది.

పైగా మీరు వద్దనుకున్నా అది మీ దగ్గరుంది. డెబియన్ అనే లైనక్స్‌లో పెర్ల్-బేస్ అనే ప్యాకేజీ తీసెయ్యకూడని వాటి జాబితాలో ఉంటుంది. ఎన్‌క్రిప్షన్ పనులు చేసే ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్‌ని సోర్స్ నుంచి కట్టాలంటే ముందు నడిచేది పెర్ల్ స్క్రిప్టే. లైనక్స్ కెర్నెల్‌కి ప్యాచ్ (కోడ్ మార్పు) పంపేముందు నడిపే చెక్‌ప్యాచ్ పెర్ల్. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో సెండ్-ఈమెయిల్ పెర్ల్. ఫోటోల్లో తేదీ, కెమెరా వివరాలు చదివే ఎగ్జిఫ్‌టూల్ పెర్ల్. కంటైనర్లు, అంటే ప్రోగ్రాంని దానికి కావలసినవాటితో కలిపి మూటకట్టి నడిపేవి, వాడేవాళ్ళకి ఇక్కడ ఒక మాట. ఆల్పైన్ అనే చిన్న లైనక్స్ ఇమేజ్‌లో పెర్ల్ ఉండదు. డెబియన్ స్లిమ్ ఇమేజ్‌లో ఉంటుంది గానీ పెర్ల్-బేస్ ఒక్కటే ఉంటుంది. మామూలుగా పెర్ల్‌తో కలిసి వచ్చే జేసన్ మాడ్యూల్ (జేసన్ డేటా చదివే అదనపు కోడ్) కూడా అందులో లేదు. మీ లాప్‌టాప్‌లో నడిచిన స్క్రిప్టు కంటైనర్లో "మాడ్యూల్ కనిపించలేదు" అని ఆగిపోతే కారణం అదీ. పెర్ల్ అనే పూర్తి ప్యాకేజీ పెట్టుకుంటే సరిపోతుంది.

గోటితో పోయే పనులు

సరే, రెండో ప్రశ్నకి వద్దాం. నాలుగొందల ఫైళ్ళు, ఒక అడ్రసు మార్చాలి. దీనికి ఫైలు తెరిచి, లైను చదివి, మార్చి, రాసి, మూసే ప్రోగ్రాం ఏ భాషలోనైనా పదిహేను లైన్లు అవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? పెర్ల్‌లో ఒక్క లైను. తెర మీద ఉంది, చదువుతాను: పెర్ల్, మైనస్ పీ, మైనస్ ఐ డాట్ బ్యాక్, మైనస్ ఈ, ఆ తర్వాత సింగిల్ కోట్స్‌లో మార్పు, చివర ఫైళ్ళ పేర్లు. పీ అంటే ప్రతి లైనూ చదివి, చెప్పింది చేసి, ప్రింట్ చెయ్యి అని. ఐ అంటే అదే ఫైల్లో రాయి అని. డాట్ బ్యాక్ అంటే పాత కాపీ ఆ తోకతో పక్కన పెట్టు అని. ఈ అంటే ఇక ప్రోగ్రాం ఇదిగో అని.

ఇంత సులువైతే ఇందులో చెడేదేముంది? బోలెడుంది. ఆ మూడు ఆప్షన్లూ కలిపేసి పీ-ఐ-ఈ అని ఒకే గుత్తిగా కొడతారు. అప్పుడు ఐ తన పక్కనున్న ఈ అక్షరాన్ని బ్యాకప్ తోక అనుకుంటుంది. ప్రోగ్రాం ఇదీ అని చెప్పేవాళ్ళు ఎవరూ మిగలరు. పెర్ల్ మీ మార్పు మొత్తాన్ని ఒక ఫైలు పేరనుకుని, అలాంటి స్క్రిప్టు లేదంటుంది. ఇది నయం, కనీసం ఆగుతుంది. పీ బదులు ఎన్ పెట్టి, ప్రింట్ మరిచిపోయారనుకోండి, ఏ తప్పూ చూపించకుండా నాలుగొందల ఫైళ్ళూ ఖాళీ అయిపోతాయి. అందుకే డాట్ బ్యాక్ ఎప్పుడూ వదలకండి. పని సరిగ్గా అయిందని డిఫ్ (రెండు ఫైళ్ళ తేడా చూపే కమాండు) కొట్టి చూసుకున్నాకే బ్యాకప్‌లు తుడవండి.

ఇంకొకటి. అడ్రసు 10.1.2.3 అనుకుందాం. దాన్ని అలాగే ప్యాటర్న్‌లో పెట్టేస్తారు. రెజెక్స్‌లో, అంటే వెతికే ప్యాటర్న్ రాసే పద్ధతిలో, చుక్కంటే ఏమిటి? ఏ అక్షరమైనా సరే అని. అంటే 10.1.213.7 అనే వేరే మెషిన్ అడ్రసు కూడా దొరుకుతుంది, లెక్క పెట్టి చూడండి, ఎనిమిది అక్షరాలూ సరిగ్గా కూర్చుంటాయి. చుక్కలకి బ్యాక్‌స్లాష్ పెట్టారనుకుందాం. అయినా 10.1.2.35 మిగిలింది, దాని మొదటి భాగం మన అడ్రసే కదా. కాబట్టి ముందూ వెనకా అంకె ఉండకూడదని కూడా చెప్పాలి. పెర్ల్‌లో ఆ వెనక చూపు, ముందు చూపు రెండూ ఉన్నాయి. లైన్లు మార్చే పాత యూనిక్స్ కమాండు సెడ్‌లో లేవు. సెడ్‌తో ఇంకో తలనొప్పి ఏంటంటే లైనక్స్‌లో మైనస్ ఐ ఒకలా, మ్యాక్‌లో ఇంకోలా. మ్యాక్ సెడ్ బ్యాకప్ తోక ఇమ్మని పట్టుబడుతుంది, వద్దనుకుంటే ఖాళీ కోట్స్ అయినా ఇవ్వాలి. సగం టీమ్ మ్యాక్, సగం టీమ్ లైనక్స్ అయినచోట పెర్ల్ లైను రెండుచోట్లా ఒకేలా నడుస్తుంది. నన్నడిగితే ఈ ఒక్క కారణం చాలు.

ఇక ఎవరూ ఊహించనిది. మైనస్ ఐ నిజంగా "అదే ఫైల్లో" రాయదు. కొత్త ఫైలు చేసి పాత పేరు పెడుతుంది. మరి ఆ పేరు సిమ్‌లింక్, అంటే వేరే ఫైలుని చూపించే లింకు, అయితే? ఎన్జినిక్స్ వెబ్ సర్వర్ నడిపేవాళ్ళు ఉన్నారా ఇక్కడ? చాలామందే ఉన్నారు. డెబియన్ పద్ధతిలో సైట్స్-ఎనేబుల్డ్ డైరెక్టరీలో ఉండేవన్నీ సైట్స్-అవైలబుల్‌కి లింకులు. మీరు ఎనేబుల్డ్‌లో నిలబడి ఈ కమాండు కొట్టారా, లింకు పోయి దాని చోట మామూలు ఫైలు కూర్చుంటుంది. ఆరోజు అంతా బాగానే ఉంటుంది. మూడు నెలల తర్వాత ఇంకెవరో అవైలబుల్‌లో మార్పు చేసి, రీలోడ్ కొట్టి, మార్పు ఎందుకు రావట్లేదో తెలీక జుట్టు పీక్కుంటారు. అసలు ఫైళ్ళున్న డైరెక్టరీలోనే కొట్టండి.

ఇప్పుడు లాగ్ ఫైలు సంగతి. వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో ఏ ఐపీ నుంచి ఎక్కువగా 4 వందల వరస తప్పులు, అంటే స్టేటస్ కోడ్ 4తో మొదలయ్యేవి, వస్తున్నాయో చూడాలి. పెర్ల్‌కి మైనస్ ఏ ఇస్తే ప్రతి లైనునూ ఖాళీల దగ్గర ముక్కలు చేసి ఎఫ్ అనే ఎరేలో (వరస గళ్ళలో) పెడుతుంది. లెక్క సున్నా నుంచి కాబట్టి ఐపీ 0లో, స్టేటస్ 8లో. 8వ గడి 4తో మొదలైతే ఆ ఐపీకి ఒకటి కలుపు, అంతా అయ్యాక ఎండ్ బ్లాక్‌లో పెద్దది పైకి వచ్చేలా ప్రింట్ చెయ్యి. అంతే. మూడు జీబీ ఫైలైనా ఒక్కో లైనే చదువుతుంది కాబట్టి మెమరీ నిండదు, లెక్కపెట్టే హ్యాష్ (పేరుకో విలువ దాచే పట్టిక) ఎన్ని ఐపీలుంటే అంతే పెరుగుతుంది.

కానీ ఇందులో తిరకాసు ఉంది. స్టేటస్ ఎప్పుడూ 8లోనే ఉంటుందా? మామూలు రిక్వెస్టులో మూడు ముక్కలుంటాయి: మెథడ్, దారి, ప్రోటోకాల్. ఎవరో కనెక్షన్ తెరిచి ఏమీ పంపకుండా ఊరుకుంటే సర్వర్ 408 అని రాసి, రిక్వెస్టు చోట ఒక్క గీత పెడుతుంది. మూడు గళ్ళు పోయి ఒక గడి అయింది. స్టేటస్ 6కి జరిగింది. మీరు వెతుకుతున్నదే 4 వందలవి, సరిగ్గా అవే లెక్కలోకి రాకుండా జారిపోయాయి! అందుకని గడి నంబరు నమ్ముకోకుండా, మూసే కోట్, ఒక ఖాళీ, మూడంకెలు, మళ్ళీ ఒక ఖాళీ అనే ఆకారం కోసం వెతకండి. రిక్వెస్టు ఎంత చెత్తగా ఉన్నా ఆ ఆకారం చెదరదు.

మన తెలుగు పెడితే

ఇది మనవాళ్ళ కోసం ప్రత్యేకంగా. పెర్ల్‌కి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కోడ్లిచ్చే పద్ధతి) బాగా వచ్చు, చాలా భాషలకంటే బాగా వచ్చు. కానీ అడిగితేనే వచ్చు. అడక్కపోతే అన్నీ బైట్లే దానికి.

"స్త్రీ" అనే మాట పొడవెంత? చెప్పండి. ఒకటి అంటున్నారు. మన కంటికి ఒకటే. పెర్ల్‌ని ఊరికే అడిగితే 18 అంటుంది, తెలుగులో ఒక్కో కోడ్‌కి యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు కాబట్టి. సోర్స్‌లో యూటీఎఫ్8 ప్రాగ్మా (పెర్ల్‌కి ఇచ్చే సూచన) పెడితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. రెజెక్స్‌లో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్‌తో లెక్కపెడితే, 5.36లో, 3 అంటుంది: స్, త్, రీ. ఏది కరెక్టు? డేటాబేస్ కాలమ్ ఎన్ని బైట్లు పడుతుందో చూడాలంటే 18 కరెక్టు. పేరుని మధ్యలో కత్తిరించి చూపించాలంటే మాత్రం 18తోనూ 6తోనూ పని జరగదు. బైట్ల దగ్గర కత్తిరిస్తే సగం అక్షరం మిగిలి పెట్టెలు కనిపిస్తాయి, కోడ్ల దగ్గర కత్తిరిస్తే ఈకారం ఊడిపోయి "స్త్ర" మిగులుతుంది.

కమాండు లైన్లో వాడేటప్పుడు మైనస్ పెద్ద సీ, ఎస్, డీ ఇస్తే లోపలికొచ్చే డేటా, బయటికెళ్ళే డేటా యూటీఎఫ్-8 అని తెలుస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. తర్వాత తెలుగు మాట పెట్టి వెతుకుతారు, ఒక్కటీ దొరకదు. తప్పు చూపించదు, ఊరికే దొరకదు. ఎందుకంటే డేటా అక్షరాలైంది, మీరు కోట్స్‌లో రాసిన మాట ఇంకా బైట్లే. మైనస్ పెద్ద ఎం, యూటీఎఫ్8 కూడా ఇవ్వాలి. రెండూ ఇవ్వండి, లేదా రెండూ మానెయ్యండి. సగం సగం ఇస్తేనే ఈ గొడవంతా.

అంకెల సంగతి ఇంకా తమాషా. ఫారంలో వయసు అంకెల్లోనే ఉందా అని బ్యాక్‌స్లాష్ డీతో చూస్తారు కదా? యూనికోడ్ తెలిసిన పెర్ల్‌కి ౧౨ కూడా అంకెలే. చెక్ పాసైపోతుంది. కానీ దాన్ని కూడితే? సున్నా. చూసేటప్పుడు అంకె, కూడేటప్పుడు కాదు. రెజెక్స్ చివర ఏ అనే గుర్తు పెడితే 0 నుంచి 9 వరకే ఒప్పుకుంటుంది. తెలుగు అంకెలు నిజంగా కావాలంటే యూనికోడ్ యూసీడీ మాడ్యూల్లో నమ్ అనే ఫంక్షన్ ఉంది, అది ౧౨ని 12 చేసిపెడుతుంది.

కనపడని అక్షరం ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్, కోడ్ 200సీ. "సాఫ్ట్‌వేర్" అని టైపు చేస్తే ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. కొందరి కీబోర్డు దాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు. ఒకే మాట రెండు రకాలుగా ఫైల్లో ఉంటుంది, వెతికితే సగమే దొరుకుతాయి. పోల్చేముందు రెండువైపులా దాన్ని తీసేసి పోల్చండి. అసలు ఫైల్లోంచి మాత్రం తియ్యకండి, చదవడానికి అసహ్యంగా తయారవుతుంది.

పాత స్క్రిప్టు, కొత్త సర్వర్

ఇప్పుడు మూడో ప్రశ్న. సెంటోస్ 7 అనే లైనక్స్‌కి మద్దతు 2024 జూన్‌తో ముగిసింది. దాంట్లో ఉన్న పెర్ల్ 5.16. అక్కడినుంచి రెడ్‌హ్యాట్ 9 కుటుంబానికి వెళ్తే 5.32. మధ్యలో ఏం మారాయి? చాలావరకు ఏమీ మారలేదు, పాత స్క్రిప్టు ఎక్కువసార్లు ఉన్నదున్నట్టు నడుస్తుంది. కానీ మారిన నాలుగైదే దెబ్బ కొడతాయి.

5.18లో హ్యాష్ వరస ప్రతిసారీ మారేలా చేశారు. కీస్, అంటే హ్యాష్‌లోని పేర్లు, ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయని నమ్ముకున్న స్క్రిప్టు, ఉదాహరణకి సీఎస్‌వీ కాలమ్స్ అలా రాసేది, ఇవాళ ఒక వరసలో, రేపు ఇంకో వరసలో రాస్తుంది. మందు: కీస్ ముందు సార్ట్. 5.22లో వెబ్ పేజీలకి వాడే సీజీఐ మాడ్యూల్‌ని కోర్ నుంచి, అంటే పెర్ల్‌తో కలిసి వచ్చేవాటిలోంచి, తీసేశారు. విడిగా ప్యాకేజీ పెట్టుకుంటే వస్తుంది. 5.26లో మాడ్యూళ్ళు వెతికే దారిలోంచి చుక్కని, అంటే ఇప్పుడున్న డైరెక్టరీని, తీసేశారు. పక్కనే ఉన్న కాన్ఫిగ్ ఫైలుని రిక్వైర్ చేసే (లోపలికి తెచ్చుకునే) స్క్రిప్టు ఒక్కసారిగా దొరకలేదంటుంది. పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టండి. క్రాన్ (చెప్పిన వేళకి ప్రోగ్రాంలు నడిపేది) నుంచి నడిచేదైతే అదీ చాలదు, ఎందుకంటే అక్కడ ఇప్పుడున్న డైరెక్టరీ హోమ్. ఫైండ్‌బిన్ మాడ్యూల్‌తో స్క్రిప్టు ఉన్నచోటు కనుక్కుని అక్కడినుంచి దారి ఇవ్వండి.

నడపకుండా రాత మాత్రమే చూసే మైనస్ చిన్న సీతో సింటాక్స్ ఓకే అని వచ్చిందని సంబరపడకండి. నడిచేటప్పుడు రిక్వైర్ అయ్యేవి దానికి తెలియవు. కొత్త సర్వర్లో నిన్నటి ఇన్‌పుట్‌తోనే నడిపి, పాత అవుట్‌పుట్‌తో డిఫ్ కొట్టండి. వరస వల్ల తేడాలొస్తే రెండూ సార్ట్ చేసి మళ్ళీ డిఫ్. పాత సర్వర్ ఇంకా ఉండగానే చెయ్యాల్సిన పని ఇది.

"ఎలాగూ ముట్టుకుంటున్నాం కదా, పైథాన్‌లో రాసేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. అనొచ్చు, తప్పులేదు. కానీ స్క్రిప్టులో రాసింది ఒకటి, రాయకుండా పెర్ల్ తనంతట తాను చేసేది ఇంకొకటి. రెండోదే జారిపోతుంది. రూపాయల కాలమ్‌లో "1,25,000" అని ఉందనుకోండి. పెర్ల్ దాన్ని కూడేటప్పుడు కామా దగ్గర ఆగి 1 అనుకుంటుంది. వార్నింగ్స్ లేకపోతే నోరెత్తదు. పైథాన్ అక్కడే తప్పని చెప్పి ఆగుతుంది. అప్పుడు రాసేవారు ఏం చేస్తారు? తప్పొస్తే సున్నా అనుకో అని పెట్టేస్తారు. ఇప్పుడు రెండు రిపోర్టులూ వేరు, రెండూ తప్పు! ఇలాంటిది దొరికితే ముందు పాతదాంట్లోనే కామాలు తీసి సరిచేసి, తర్వాత తిరగరాయండి.

స్ప్లిట్ ఇంకొకటి. చివర మూడు కాలమ్స్ ఖాళీగా ఉన్న లైనుని పెర్ల్ కామాల దగ్గర విడదీస్తే ఆ ఖాళీలు పారేస్తుంది. పైథాన్ ఉంచుతుంది. కాలమ్స్ లెక్కపెట్టి లైను మంచిదా చెడ్డదా అని తేల్చే స్క్రిప్టు అయితే ఫలితం తలకిందులు. పెర్ల్‌లోనూ ఉంచాలంటే స్ప్లిట్‌కి చివర మైనస్ 1 ఇవ్వాలి. ఇక సార్ట్: పెర్ల్ సార్ట్ ఏమీ చెప్పకపోతే అక్షరాల్లాగే పోలుస్తుంది, 10 వచ్చి 9కి ముందు కూర్చుంటుంది. ఆ వరస మీదే ఇంకో ప్రోగ్రాం ఆధారపడి ఉండొచ్చు, చూసుకోండి.

తిరగరాయడం ఎప్పుడు సబబు? ఆ స్క్రిప్టుని నెలకోసారి ఎవరో మారుస్తున్నారు, మార్చేవాళ్ళకి పెర్ల్ రాదు, అప్పుడు. ఏళ్ళ తరబడి ఎవరూ తెరవనిదాన్ని, రోజూ సరైన ఫలితం ఇస్తున్నదాన్ని, భాష పాతదని తిరగరాయడంలో లాభం నాకు కనపడదు. కొత్త పెద్ద పనికి పెర్ల్ వద్దని ఎందుకన్నానంటే, అమెజాన్ క్లౌడ్ లాంటివాటికి అధికారిక పెర్ల్ లైబ్రరీ లేదు, వాడేవాళ్ళే రాసుకున్నది నమ్ముకోవాలి. ఆపైన మీరు వెళ్ళిపోయాక దాన్ని చదివేవాళ్ళని వెతకాలి.

వంద లైన్ల స్క్రిప్టే పెర్ల్‌లో రాస్తున్నారనుకోండి, మొదటి లైన్లో యూజ్ వీ5.36 అని పెట్టండి. ఆ ఒక్క లైనుతో స్ట్రిక్ట్, వార్నింగ్స్, ఫంక్షన్లకి సిగ్నేచర్లు అన్నీ వస్తాయి. సర్వర్లో 5.36 లేకపోతే స్ట్రిక్ట్, వార్నింగ్స్ రెండూ చేత్తో రాయండి. ఫైలు తెరిచేటప్పుడు ఓపెన్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు ఇవ్వండి. రెండే ఇస్తే, ఫైలు పేరు చివర పైపు గుర్తు (నిలువు గీత) ఉంటే, పెర్ల్ దాన్ని ఫైలు కాదు కమాండు అనుకుని నడిపేస్తుంది. మనం ఇందాక చూసిన మైనస్ పీ, మైనస్ ఎన్ కూడా లోపల ఆ పాత పద్ధతిలోనే తెరుస్తాయి. కాబట్టి బయటివాళ్ళు అప్‌లోడ్ చేసిన ఫైళ్ళున్న డైరెక్టరీలో, స్టార్ పెట్టి, రూట్‌గా, ఆ లైన్లు కొట్టకండి. స్క్రిప్టు రాసి, ఫైళ్ళ లైన్లు చదివే డైమండ్ ఆపరేటర్ బదులు 5.22లో వచ్చిన డబుల్ డైమండ్ వాడండి, అది పేరుని పేరుగానే చూస్తుంది.

చివరిగా, సిస్టమ్‌తో వచ్చిన పెర్ల్‌లోకి సీప్యాన్ (పెర్ల్ మాడ్యూళ్ళ భండారం) నుంచి మాడ్యూళ్ళు ఎక్కించకండి. ఆ పెర్ల్ మీది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ది. డిస్ట్రో (మీ లైనక్స్) ప్యాకేజీగా దొరికితే అది పెట్టండి. దొరక్కపోతే పెర్ల్‌బ్రూతో మీ హోమ్‌లో వేరే పెర్ల్ కట్టుకుని, కావలసిన మాడ్యూళ్ళ పేర్లు ఒక సీప్యాన్‌ఫైల్లో రాసి, అందులోకి ఎక్కించండి. క్రాన్‌లో ఆ పెర్ల్‌కి పూర్తి దారి ఇవ్వడం మరిచిపోవద్దు, ఇవ్వకపోతే రాత్రికి సిస్టమ్ పెర్లే నడుస్తుంది.

ఇక అడగండి. ఆ కిటికీ పక్కన చెయ్యెత్తారు, ముందు మీరు.